చీకటి రోడ్డు దాచిపెట్టిన నా కంటిజబ్బు

తేడా మొదట తెలిసింది ఒక సాయంత్రం, రోడ్డు దాటబోతూ. చలికాలం కావడంతో తొందరగా చీకటి పడింది. ట్యూషన్ ముగించుకొని వచ్చి మా వీధి ఎదురుగా రోడ్డు పక్కన నిలబడ్డాను. పక్కన సువార్తమ్మ ఉంది. నేను కాలు ముందుకు వేయగానే నా మోచెయ్యి పట్టి వెనక్కి గుంజింది. ఎడమవైపు నుంచి ఒక సైకిలు నా కుచ్చిళ్ళను రాసుకుంటూ పోయింది.

"యాడ చూస్తాండావక్కా? బెల్లు కొట్టుకుంటానే వచ్చినాడు గదా" అంది సువార్తమ్మ.

"ఈ గబ్బు చీకట్లో ఎవరికి కనపడుతుంది?" అన్నాను.

"నాకు కనపడినాడులే."

ఆ మాట దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది. ఇద్దరం ఒకే చీకట్లో, ఒకే చోట నిలబడ్డాం. ఆమెకు కనబడింది నాకు కనబడలేదు. కానీ నేను వీధి దీపాన్ని తిట్టుకుంటూ ఇంటికి పోయాను. తిట్టదగ్గ దీపమే అది. వెలగక ఎన్నాళ్ళయిందో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు.

మాది బేతంచెర్ల దాటాక కొంతదూరంలో, రోడ్డుకు రెండు పక్కలా బండల పాలిషింగ్ యూనిట్లున్న ఊరు. పేరు రాయను. రాస్తే మా పంచాయతీ సెక్రటరీ మళ్ళీ ఇంటికొస్తాడు, అతనికి కాఫీ పెట్టే ఓపిక నాకు లేదు. మా ఆయన ఒక యూనిట్లో లారీల లోడింగ్ చూస్తాడు. నేను బీకాం చదివాను. రోడ్డుకు అవతల ఒక గదిలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తాను. సువార్తమ్మ మా వెనక వీధిలో ఉంటుంది, పాలిషింగ్ మిషను దగ్గర పని. నాకంటే చిన్నది. నా నోటికి ఎదురు చెప్పగలిగిన మనిషి ఊళ్ళో ఆమె ఒక్కతే.

రాయి కోసినప్పుడు వచ్చే బురద ఎండితే తెల్లటి పొడి అవుతుంది. లారీ పోయినప్పుడల్లా అది లేస్తుంది. ఇళ్ళమీద, చెట్లమీద, ఆరేసిన బట్టలమీద, మా కళ్ళల్లో పడుతుంది. మా ఊళ్ళో కళ్ళు దురద పెట్టని మనిషి లేడు. అందుకే మా ఊళ్ళో ప్రతి ఇంట్లో ఒక చిన్న సీసా ఉంటుంది. దానికి మేం పెట్టుకున్న పేరు దుమ్ము మందు. మెడికల్ షాపులో "అన్నా, దుమ్ము మందు" అంటే చాలు, ఇచ్చేస్తాడు. రెండు చుక్కలు వేసుకుంటే మంట చల్లారుతుంది, ఎరుపు పోతుంది. పక్కింటివాళ్ళు అడిగితే ఇస్తాం, మన సీసా అయిపోతే వాళ్ళది తెచ్చుకుంటాం. పసుపు, ఉప్పు ఇచ్చిపుచ్చుకున్నట్టే. నేను ఏళ్ళ తరబడి రోజూ వేసుకున్నాను. నా చేతిసంచిలో ఒకటి, దేవుడి గూట్లో ఒకటి ఉండేవి.

సైకిలు సంగతి తర్వాత చిన్న చిన్నవి చాలా జరిగాయి. ఎడమచేతి పక్కనున్న టీ గ్లాసు మోచెయ్యి తగిలి పడిపోయేది. ద్వారబంధం భుజానికి కొట్టుకునేది. ట్యూషన్‌లో ఎడమవైపు కూర్చున్న పిల్లలు చెయ్యెత్తినా పిలవడం లేదని ఒకమ్మాయి వాళ్ళమ్మతో చెప్పుకుందట. పుస్తకం మాత్రం శుభ్రంగా చదివేదాన్ని. సూదిలో దారం ఎక్కించేదాన్ని. దారం ఎక్కించగలిగే మనిషికి కళ్ళు పోతున్నాయని ఎవరనుకుంటారు?

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. సాయంత్రం యూనిట్లలో పని దిగిన ఆడవాళ్ళు రోడ్డు పక్క టీ బంకు దగ్గర ఆగుతారు. పదిమందైనా కూడిన తర్వాత ముందున్నామె సెల్‌ఫోన్ లైటు వెలిగించి చెయ్యెత్తుతుంది. అందరూ ఒక్క ముద్దగా దాటుతారు. లారీవాళ్ళు గుంపుకు ఆగుతారు, ఒక్క మనిషికి ఆగరు. జీబ్రా గీతలు ఒకప్పుడు వేశారు గానీ రాతిపొడి కింద అవి ఎక్కడున్నాయో వేసినవాళ్ళకే తెలియాలి. నాకు ఈ గుంపు దాటుడు నచ్చేది కాదు. రోడ్డు దాటడానికి మేకల మాదిరి మంద కట్టాలా అని వాదించేదాన్ని.

"నువ్వు వాదిస్తాండు అక్కా, లారీ వింటాది" అనేది సువార్తమ్మ.

ఉగాదికి ముందు ఒక సాయంత్రం గుంపు ఇంకా కూడలేదు. "ఉండక్కా, ఆ యూనిట్టోళ్ళు వస్తాండారు" అని సువార్తమ్మ అంటూనే ఉంది. నేను కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను, ఏమీ లేదు. అడుగేశాను. రోడ్డు మధ్యకు కూడా పోలేదు. ఎడమనుంచి మోటర్‌సైకిలు వచ్చి కాలికి కొట్టింది. పడ్డాక నాకు గుర్తున్నది నోట్లో రాతిపొడి రుచి, సువార్తమ్మ సెల్‌ఫోన్ లైటు నా ముఖం మీద. "కదలొద్దక్కా, కాలు చూడొద్దు" అంటోంది. అనగానే చూశాను. చూడకుండా ఉండాల్సింది.

కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. మోకాలి కింది ఎముకలు, టిబియా, ఫిబ్యులా రెండూ విరిగాయన్నారు. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. బండి నడిపినతను పొరుగూరివాడు. టెంకాయ నీళ్ళు తీసుకొని చూడటానికి వచ్చాడు. చెయ్యి విరిగి అతనూ కట్టుతోనే ఉన్నాడు.

"ఒట్టు మేడం, లైటు ఏసుకొనే వచ్చినా. మీరు నా దిక్కే చూసినారు. చూసినాక ఆగుతారులే అనుకుంటి."

"రాతిపొడి పట్టి మిణుకుమనేదాన్ని లైటంటారా నాయనా?" అన్నాను. అతను టెంకాయ నీళ్ళు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. మా ఆయన టెంకాయ నీళ్ళు గ్లాసులో పోస్తూ, "వాని దిక్కే చూసినావంటాండాడు" అని ఒక్కసారి అన్నాడు. ఆయన మాట్లాడేదే తక్కువ. నేను గ్లాసు అందుకున్నాను.

వాకర్‌తో నడిపించడం మొదలుపెట్టాక ఫిజియోథెరపిస్టు నా వెంట నడిచేవాడు. వార్డు తలుపు దగ్గర వాకర్ ఎడమ కాలు ద్వారబంధానికి కొట్టుకుంది. మర్నాడూ అంతే. మూడోసారి అతను నన్ను ఆపి, "మేడం, తలుపు కనబడలేదా?" అని అడిగాడు.

"కాలు నొప్పి మీద ఉంటే తలుపు చూస్తూ కూర్చుంటానా?"

అతను నా ముందు నిలబడి, తన ముక్కునే చూడమని, ఎడమపక్క చెయ్యి చాపి వేళ్ళు ఆడించాడట. ఆడించాడట అని ఎందుకు రాస్తున్నానంటే, నాకు ఆ చెయ్యే కనబడలేదు. "కాలు తర్వాత చూద్దాం, ముందు కళ్ళ డాక్టరుకు చూపించండి" అన్నాడు.

కళ్ళ డాక్టరమ్మ నా వయసావిడే. గడ్డం మిషనుకు ఆనించమని, కంటికి నీలం లైటు తాకించి లోపలి ప్రెషర్ చూసింది. మళ్ళీ చూసింది. చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపల చూపు నరాన్ని, అదే ఆప్టిక్ నెర్వ్‌ను చూసింది. చీటీ మీద రాసుకుంది.

"ప్రెషర్ ఇరవై లోపు ఉండాలమ్మా. మీకు నలభై దగ్గర ఉంది. ఏమైనా చుక్కలు వాడుతున్నారా?"

నేను చేతిసంచిలోంచి దుమ్ము మందు తీసి చూపించాను. ఎంత జాగ్రత్తగా కళ్ళు చూసుకుంటున్నానో ఆమెకు తెలియాలని కూడా చూపించాను. ఆమె సీసా మీది చిన్న అక్షరాలు చదివింది.

"ఇది ఎవరు రాసిచ్చారు?"

"మొదట ఒక డాక్టరే రాసిచ్చాడు."

"ఎన్నాళ్ళకు?"

"వారానికి."

"తర్వాత?"

"తర్వాత మెడికల్ షాపు."

"ఇది స్టెరాయిడ్ అమ్మా. కొందరి కళ్ళల్లో ఇది ఎక్కువకాలం వాడితే ప్రెషర్ పెరుగుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ఎరుపు రాకుండా చేసేదే ఇది గదా. లోపల నెర్వ్ చచ్చిపోతూ ఉంటుంది. గ్లకోమా అంటారు."

ఆ తర్వాత ఫీల్డ్ టెస్ట్ చేశారు. ఒక గిన్నెలాంటి దానిలో ముఖం పెట్టి, చిన్న చిన్న లైట్లు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఎడమకంటితో చేసేటప్పుడు చాలాసేపు ఏ లైటూ రాలేదు. మిషను పాడైందేమోనని టెక్నీషియన్‌ను అడిగాను. "వస్తానే ఉన్నాయి మేడం" అన్నాడు. ఆ కుర్చీలో నాకు మొదటిసారి భయం వేసింది.

కాగితం మీద ఎడమకన్ను దాదాపు మొత్తం నలుపు, మధ్యలో ఒక చిన్న తెల్లటి కిటికీ. కుడికంటికి ముక్కు వైపు, పైభాగంలో నలుపు కమ్ముకుంటోంది.

"నాకు నలుపేమీ కనబడటం లేదు" అన్నాను వాదనకు.

"కనబడనిది నల్లగా కనబడదమ్మా. అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. పక్కనున్నదానితో మెదడు పూడ్చేస్తుంది."

"ఎప్పటికి తిరిగొస్తుంది?"

"పోయింది రాదు. ఉన్నది కాపాడుకోవాలి. అదీ ఇప్పుడు మొదలుపెడితే."

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోవడం నా అలవాటు కాదు. ప్రెషర్ తగ్గే చుక్కలు రాసిచ్చారు, అవి వేసుకుంటూనే, ఇంకో డాక్టరుకు చూపిస్తానని కడపలో మా చెల్లెలింటికి పోయాను. మా ఆయన ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడుకొనైనా కాస్త బరువు దించుకునేదాన్ని.

కడపలో మా చెల్లెలుండే వీధి ముందర పెద్ద రోడ్డు. సాయంత్రం కర్ర ఊతంతో నన్ను అవతలి క్లినిక్‌కు తీసుకుపోయింది. అక్కడ స్తంభానికి స్తంభానికి మధ్య చీకటన్నది లేదు, కింద పడ్డ సూది ఏరుకోవచ్చు. నేను ఎడమవైపు చూసి "ఏం లేదు, రా" అన్నాను. మా చెల్లెలు నా కొంగు పట్టుకొని ఆపింది. పసుపు ఆటో ఒకటి, లోపల మనుషులతో, మా ముందునుంచే పోయింది.

"అక్కా, అంత ఆటో కనపడలేదా నీకు?" అని కొంగు వదలకుండానే అడిగింది.

అప్పుడు తెలిసింది నాకు. డాక్టరు చెప్తే కాదు, కాగితం చూస్తే కాదు. అంత వెలుతురులో ఆటో కనబడకపోయినప్పుడు తెలిసింది. మా ఊరి చీకటి ఇన్నేళ్ళు నాకు ఒక సాకు ఇచ్చింది. మంచి దీపాలున్న ఊళ్ళో ఉండి ఉంటే, అందరికీ కనబడేది నాకు కనబడటం లేదని ఎప్పుడో పట్టుకునేదాన్ని. చీకటి ఊళ్ళో అందరమూ తడుముకుంటూనే నడుస్తాం, అందులో ఎవరి కళ్ళు పోతున్నాయో ఎవరికి తెలుస్తుంది?

కడప డాక్టరు చెప్పింది కూడా అదే. మాటలు కొంచెం తక్కువ, అంతే తేడా.

కర్నూలు డాక్టరమ్మ దగ్గరికే తిరిగిపోయాను. చుక్కలతో కుడికంటి ప్రెషర్ దిగింది. ఎడమది దిగలేదు. ట్రాబెక్యులెక్టమీ చేయాలన్నారు. కంటిలోపలి నీరు బయటికి పోవడానికి చిన్న దారి చేస్తారు. "చూపు పెరగడానికి కాదమ్మా ఇది. ఆ మిగిలిన కిటికీ మూసుకోకుండా ఉండటానికి" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆపరేషన్ అయ్యాక చుక్కల చీటీ ఇచ్చారు. చీటీలో మొదటి పేరు చదివి నేను కుర్చీలోంచి లేచాను.

"ఇది స్టెరాయిడ్ గదా డాక్టరమ్మా?"

"అవును."

"నా కళ్ళు తీసిన మందే గదా?"

"ఆ జాతిదే. ఇది వాడకపోతే కోసిన దారి మచ్చకట్టి మూసుకుపోతుంది."

"అంటే మెడికల్ షాపువాడిస్తే విషం, మీరిస్తే మందా?"

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "వాడు మీ ప్రెషర్ చూశాడా? మేం చూస్తాం. వారం వారం రండి. పెరిగితే ఆపేస్తాం. తేడా అదొక్కటే" అంది. నేను కూర్చున్నాను. నా జీవితంలో నేను ఓడిపోయి కూడా బాధపడని వాదన అదొక్కటే.

అంతా సాఫీగా జరగలేదు. మొదట ప్రెషర్ మరీ పడిపోయి కన్ను మసకబారింది. వంగొద్దు, బరువెత్తొద్దు, దగ్గినా జాగ్రత్త అన్నారు. విరిగిన కాలితో వంగకుండా ఎలా ఉండాలో ఆర్థో డాక్టరును అడిగితే కళ్ళవాళ్ళను అడగమన్నాడు. తర్వాత కోసిన దారి మచ్చకట్టడం మొదలై ప్రెషర్ మళ్ళీ ఎగబాకింది. సూదితో విడదీశారు, నీడిలింగ్ అంటారు. మళ్ళీ మచ్చకట్టింది, మళ్ళీ చేశారు. బేతంచెర్ల నుంచి కర్నూలుకు మా ఆయన పక్కన కూర్చొని ఎన్నిసార్లు పోయానో. కిటికీ పక్కన కూర్చున్నా నాకు సగం ఊళ్ళే కనబడేవి.

ఆ నెలల్లో నా చుక్కలు వేసింది ఎక్కువగా సువార్తమ్మే. మా ఆయన వేస్తే చుక్క బుగ్గమీద పడేది. ఆమె పని దిగి, చేతులు సబ్బుతో రుద్దుకొని వచ్చేది. పక్కకు చూడటానికి తల మొత్తం తిప్పాలని డాక్టరమ్మ నేర్పితే, నేను ఇంట్లో అది సాధన చేసేదాన్ని.

"అక్కా, అచ్చం కోడిపెట్ట మాదిరి తిప్పుతాండావు."

"కోడిపెట్టయినా రోడ్డు దాటుతుంది, చాలు."

"కోడిపెట్టలే ఎక్కువ చస్తాండాయి మన రోడ్డు మీద" అని నవ్వేది. తర్వాత సీసా మూత బిగించి వెలుతురులో పట్టుకొని, "ఇది ఆ పాడు మందు కాదు గదా?" అని ప్రతిసారీ అడిగేది. తన ఇంట్లో దుమ్ము మందు సీసా ఆమె దొడ్లో పారేసింది. డాక్టరమ్మ దగ్గరికి నాతో పాటు వచ్చి తన ప్రెషర్ కూడా చూపించుకుంది. ప్రెషర్ మామూలుగానే ఉంది. రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్నాయని డాక్టరమ్మ చెప్తే నా ముందు కాలరెగరేసినట్టు కొంగెగరేసింది.

కాలు కుదురుకున్నాక నేను చేసిన మొదటి పని పంచాయతీ ఆఫీసుకు పోవడం. దీపాల కోసం నేను అంతకుముందు పోనిది కాదు. రోడ్డు రోడ్లవాళ్ళది, స్తంభం కరెంటువాళ్ళది, దీపం మాది, తీగ ఎవరిదో తెలియదు అని సెక్రటరీ ఎప్పుడూ చెప్పే మాట నాకు నోటికొచ్చు. ఈసారి కర్ర ఊతంతో పోయేసరికి అతనే కుర్చీ వేశాడు. నెమ్మదిగా అన్నాడు.

"టీచరమ్మా, బాధపడొద్దండి. మీ కండ్ల సంగతి ఊరంతా తెలుసు. ఆ పొద్దు లైటు ఎలిగినా మీకు బండి కనపడేది కాదంట గదా."

అక్కడున్న ఇద్దరు ముగ్గురు తలలూపారు. బండి నడిపినతని తరఫువాళ్ళు కూడా అదే మాట ఊళ్ళో చెప్పి వెళ్ళారట. నా జబ్బు అందరికీ అక్కరకొచ్చింది, నాకు తప్ప. నా మెడికల్ రిపోర్టే వాళ్ళ వెలగని దీపానికి సాక్ష్యమైంది.

"నాకు బండి కనపడదు సరే. లైటు ఉంటే బండోనికి నేను కనపడేదాన్ని గదప్పా" అన్నాను.

అతను ఫ్యాను వైపు చూశాడు.

"వీధి దీపం నడిచేవాళ్ళకు దారి చూపడానికే అనుకుంటాండావా? దాటే మనిషి వచ్చేవానికి కనపడాలని కూడా. నేను గుడ్డిదాన్నే అనుకో, గుడ్డోళ్ళు చావాలని మీ రూల్లో ఉందా?"

"అట్ల ఎందుకంటారమ్మా. రాసి పంపిస్తాం పైకి" అన్నాడు. ఆ పైన ఎవరున్నారో, వాళ్ళకు చదవడం వచ్చో రాదో, నెలలు గడిచాయి గానీ దీపం రాలేదు. ఊళ్ళో దీపం గురించి ఎవరు నోరెత్తినా, "ఆ టీచరమ్మకు కండ్లు లేక గదా" అనే జవాబు తయారైంది. ఇది నాకు చూపు పోయినదానికంటే ఎక్కువ కోసింది.

ఆదివారం యూనిట్లుండవు. కాబట్టి సాయంత్రం టీ బంకు దగ్గర గుంపు ఉండదు. సువార్తమ్మ వాళ్ళ చర్చి రోడ్డుకు అవతల ఉంది. ఒక ఆదివారం సాయంత్రం ప్రార్థన ముగిసి, మిగతావాళ్ళు అటువైపు వీధులవాళ్ళు గనుక అటే పోయారు. ఆమె ఒక్కతే ఇటు రావాలి. సెల్‌ఫోన్ లైటు వేసి చెయ్యెత్తే దాటిందని టీ బంకతను చెప్పాడు. బండలెక్కించుకొని వచ్చే లారీ. బరువు బండికి బ్రేకు వేస్తే ఆగేచోటు చాలా దూరం ఉంటుంది. డ్రైవరుకు ఒక్క మనిషి చేతిలోని లైటు ఏదో బండి లైటులా కనిపించిందట, పక్కకు తప్పుకుంటుందనుకున్నాడట.

మా ఆయన పరుగెత్తుకొచ్చి చెప్పినప్పుడు నేను చుక్కల సీసా పట్టుకొని గడప దగ్గర కూర్చొని ఉన్నాను, ఆమె వచ్చి వేస్తుందని.

ఆసుపత్రికి తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. వాళ్ళాయన దానియేలు మార్చురీ బయట నన్ను చూసి, "టీచరమ్మా, దానికి కండ్లు బాగుండాయి గదా, డాక్టరు చెప్పింది గదా" అని అడిగాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ అడిగాడు. బాగున్నాయి నాయనా అని చెప్తూ పోయాను. ఇంకేం చెప్పను.

సమాధి తోటలో మన్ను వేసి తిరిగొస్తుంటే సెక్రటరీ రోడ్డు దగ్గర ఎదురుపడ్డాడు. వెంట ఇద్దరు మనుషులు స్తంభం కొలుస్తున్నారు. నన్ను చూసి పక్కకు తిరగబోయాడు. నేను తల మొత్తం తిప్పి అతన్ని పట్టుకున్నాను.

"ఏమప్పా, సువార్తమ్మ కండ్ల రిపోర్టు తెప్పించినావా?"

అతను స్తంభం వైపు తిరిగాడు. నాకు ఇంకా చాలా మాటలు వచ్చాయి. దానియేలు నా వెనకే ఉన్నాడు. అతని ముందు ఆ మాటలు అనలేక ఇంటికి వచ్చాను.

ఆ నెలలోనే దీపాలు వెలిగాయి. రోడ్డు ఎవరిది, తీగ ఎవరిది అన్న ప్రశ్న మళ్ళీ ఎవరికీ రాలేదు. గీతలు కొత్తగా వేశారు. దాటేచోటుకు రెండు పక్కలా లారీలు మెల్లగా రావడానికి స్పీడ్‌బ్రేకర్లు కట్టారు. దీపాల మీద రాతిపొడి పడుతుంది. దానిని తుడిపించమని నేను ఆఫీసుకు పోతూ ఉంటాను. ఇప్పుడు కుర్చీ వేయరు, తుడిపిస్తారు.

నా సంగతి. ఎడమకంట్లో ఆ చిన్న కిటికీ ఇంకా మిగిలి ఉంది. కుడికంట్లో నలుపు గత ఫీల్డ్ టెస్టు నుంచి పెరగలేదు. "స్టేబుల్" అంది డాక్టరమ్మ. బాగుందని కాదు దాని అర్థం, ఇంకా చెడలేదని. చుక్కలు బతికినంతకాలం వేసుకోవాలి. రాత్రిపూట ఒక్కదాన్నే బయటికి పోను. దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి. ట్యూషన్ మా ఇంటి వరండాలోకే మార్చాను, పిల్లలే రోడ్డు దాటి వస్తారు. దాటేటప్పుడు వాళ్ళు గుంపుగా కూడి రావాలని నేనే గట్టిగా చెప్పాను. పగలు నేను దాటేటప్పుడు కర్ర ముందుకు చాపి, తల అటూ ఇటూ పూర్తిగా తిప్పి, లారీ ఆగిందని డ్రైవరు ముఖం చూసి నిర్ధారించుకున్నాకే కదులుతాను. చుక్కలు వేయడం మా ఆయన నేర్చుకున్నాడు. బుగ్గమీద పడటం తగ్గింది.

ఇది చదివేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. మీ ఇంట్లో డాక్టరు చూడకుండా నెలల తరబడి వాడుతున్న కంటి చుక్కలుంటే, ఆ సీసా చేతిలో పట్టుకొనే కళ్ళ డాక్టరు దగ్గరికి పోయి, ప్రెషర్ చూడమని మీరే నోరు తెరిచి అడగండి. చూపు బాగానే ఉంది గదా అని ఆగొద్దు, నాకూ బాగానే ఉండింది. పరీక్షలో ఏదైనా తేలితే మందు వాడుకోండి. మీ కంట్లో లోపముందని ఊళ్ళోవాళ్ళు ఎంత చెప్పినా, మీ వీధిలో దీపం వెలగడం లేదని అడగడం మాత్రం మానకండి.